తొమ్మిదో తరగతి పాప, గోడపత్రిక, బోరు నీళ్లు: పత్రికా రచన క్లాసు కొనసాగించమంటారా?

దేవరకొండ రోడ్డు నాన్న, నల్లగొండ
ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికతో చదవండి.

మా పాప నల్లగొండ దగ్గర్లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను బస్సుల మెకానిక్‌ని. వాళ్ల తెలుగు సారు జూలై నుంచి ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లు పత్రికా రచన క్లాసు పెట్టారు. సిలబస్‌లో లేనిది, ఆయన సొంత ఆసక్తితో పెట్టింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 14 మంది చేరారు. నెలకు రెండుసార్లు గోడపత్రిక తెస్తారు. డ్రాయింగ్ చార్టు మీద నాలుగు కాలమ్‌లు గీసి, స్కెచ్ పెన్నులతో రాసి మెట్ల పక్కన అతికిస్తారు.

మొదట్లో నేను పట్టించుకోలేదు. తర్వాత ఇంట్లోనే తేడా తెలిసింది. ఒకరోజు అన్నం తింటూ "మన గల్లీల కుక్కలు ఎక్కువైనయి, నిన్న ఎవర్నో కరిచినయట" అన్నాను. "ఎవర్ని నాన్నా? నీకెవరు చెప్పిండ్రు? ఆళ్లు చూసిండ్రా?" అని వరసగా అడిగింది. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. సారు వాళ్లకు ఒక పద్ధతి నేర్పారు. రాసిన ప్రతి వాక్యం చివర 'అట' చేర్చి చదువుకోవాలి. ఎక్కడ 'అట' అతికిందో అది విన్నమాట. దాన్ని అడగడానికో చూడటానికో మళ్లీ వెళ్లి రావాలి. నోటుబుక్కులో ఎడమ పేజీ విన్నదానికి, కుడి పేజీ కళ్లారా చూసినదానికి. పాప పుస్తకం తిరగేస్తే మొదటి వారాల్లో ఎడమ పేజీలే నిండి ఉన్నాయి. పోనుపోను కుడి పేజీలు నిండుతున్నాయి.

ఇక అసలు సంగతి. మా అమ్మది మునుగోడు వైపు పల్లె. నలభై దాటేసరికే నడుం వంగిపోయింది, పళ్లు గోధుమరంగు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలను, పళ్లను ఏం చేస్తుందో మా జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. పాప నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తూ పెరిగింది. పోయిన సంచికలో 'మన బడిలో విషపు నీళ్లు' అని రాసింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 5 పీపీఎం ఉందని, పిల్లలతో ఆ నీళ్లే తాగిస్తున్నారని. ఆ శనివారం సారు సెలవు. పిల్లలే అతికించేశారు. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. సోమవారం పొద్దున్నే హెడ్మాస్టరు చార్టు తీయించేసి నన్ను పిలిపించారు. ఆయన కోప్పడలేదు గానీ, "పై ఆఫీసు నుంచి మూడు ఫోన్లు వచ్చినయి, నేనేం చెప్పాలె?" అన్నారు.

పాప రెండు రోజులు సరిగా తినలేదు. "రాసింది తప్పని ఎవ్వరంటలేరు నాన్నా, ఎందుకు రాసినవ్ అనే అంటున్నరు" అంది. "మరి 5 అని నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?" అని అడిగితే తల దించుకుంది.

నా భార్య క్లాసు మాన్పించమంటోంది. వచ్చే ఏడాది పదో తరగతి. నాకేమో మాన్పించాలని లేదు. మీలో తెలిసినవాళ్లు చెప్పండి.


హాలియా అమ్మ
ఆదివారం, రాత్రి 10:05

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ నేనైతే ఆపేస్తాను. మా పెద్దోడు పోయిన ఏడాదే పది రాశాడు. ఒక్కో శనివారం ఎంత విలువైందో అప్పుడు తెలుస్తుంది. రెండో మాట, ఆడపిల్ల ఆఫీసుల చుట్టూ, ఇళ్ల చుట్టూ తిరిగి ప్రశ్నలడిగితే తోడు ఎవరు వెళ్తారు? ఆ బాధ్యత ఎవరిది? సారు మంచివారే కావచ్చు, ముందు ఆ సంగతి తేల్చుకోండి.


మర్రిగూడ విలేకరి
ఆదివారం, రాత్రి 11:40

నాన్న గారూ, 19 ఏళ్లుగా నేను మండల విలేకరిని. మీ పాప తల దించుకుందని రాశారు చూడండి, అది చదివాక మీకు రాయకుండా ఉండలేకపోయాను.

చేరిన రెండో ఏడు హైవే మీద యాక్సిడెంట్ జరిగింది. రాత్రి తొమ్మిదిన్నర, వార్త పంపాల్సిన టైము దగ్గర పడింది. చనిపోయినాయన పేరు అక్కడున్న ఒకతన్ని అడిగి రాసేశాను. ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరి పేర్లూ ఒకే మాటతో మొదలవుతాయి. తమ్ముడు పోతే నేను అన్న పేరు రాశాను. ఆ అన్న లారీ మీద వేరే రాష్ట్రంలో ఉన్నాడు, ఫోను కలవలేదు. ఆయన భార్య పొద్దున్నే పేపరు చూసింది. మధ్యాహ్నం నేను ఆ ఇంటికి వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. గాజులు అప్పటికే తీసేసి పక్కన పెట్టుకుంది, అప్పటికి ఇంకా మళ్లీ తొడుక్కోలేదు. అప్పటినుంచి ఎవరి పేరు రాసినా తండ్రి పేరుతో సహా అడుగుతాను, రాసింది వాళ్లకే చదివి వినిపిస్తాను.

ఆ పాఠం నాకు 26 ఏళ్లకు, ఇంకొకరి కన్నీళ్ల మీద వచ్చింది. మీ పాపకు 14 ఏళ్లకే, ఒక చార్టు మీద వస్తోంది. మాన్పించకండి.

నీళ్ల సంగతి. ఫ్లోరైడ్‌కు మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. పీపీఎం అన్నా మామూలుగా అదే లెక్క. కానీ 'ఊళ్లో ఫ్లోరైడ్ 5' అనే మాటకు అర్థం లేదు. ఏ బోరు, ఎంత లోతు, ఏ నెలలో తీసిన నీళ్లు, ఎవరు పరీక్ష చేశారు? ఒకే ఊళ్లో ఈ బోరుకూ ఆ బోరుకూ తేడా ఉంటుంది. మా మండలంలో ఇది రోజూ చూసేదే.

పాపను గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌కు తీసుకెళ్లండి. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసా. ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. ఆ నీళ్లతోనే రెండు మూడుసార్లు కడిగి నింపాలి. సీసా మీద చోటు, తేదీ, టైము రాయాలి. ఒక్కటి కాదు, పిల్లలు నోరు పెట్టే ప్రతి నల్లా నుంచీ ఒకటి.


పాలమూరు పంతులు
సోమవారం, ఉదయం 6:15

31 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మూడు బళ్లలో గోడపత్రిక నడిపాను. అందుకే ఈ మాట.

మన దక్షిణ తెలంగాణకు పత్రిక పరాయిది కాదు. తెలంగాణలో తొలి తెలుగు పత్రికల్లో ఒకటైన హితబోధిని 1913లో మా పాలమూరు నుంచే వచ్చింది. 1922లో మీ నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక తెచ్చారు. తెలుగులో బడి పెట్టడమే కష్టమైన కాలంలో ఆ పని చేశారు. 1926లో గద్వాల ప్రాంతపు మనిషి సురవరం ప్రతాపరెడ్డి గారు హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు.

పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పే సంగతి ఒకటుంది. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకాయన రాశాడు. అవమానం. సురవరం వారు తిట్టుకు తిట్టు రాసి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. ఊరూరికీ ఉత్తరాలు పోయాయి, వివరాలు వచ్చాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. అందులో 354 మంది కవులు. ఆ తర్వాత ఆ మాట అనడానికి ఎవరికి నోరొస్తుంది? పత్రికా రచన అంటే నాకు తెలిసినంతవరకు అదే. కోపం వచ్చినప్పుడు వెళ్లి లెక్క తేవడం.

మీ పాపకు కోపం ఉంది. నాయనమ్మ నడుం చూసి పుట్టిన కోపం, న్యాయమైనది. లెక్క మాత్రం లేదు. ఆ రెండూ కలిపే క్లాసు అదొక్కటే. సైన్సు సారు లెక్క చెప్తారు, కోపం సంగతి మాట్లాడరు.


అచ్చంపేట వైపు హెచ్ఎం
సోమవారం, రాత్రి 8:30

నేను ఇంకో బడి హెడ్మాస్టర్ని. అవతలి పక్క కూడా వినండి.

మీ హెచ్ఎం గారి స్థానంలో నన్ను ఊహించుకున్నాను. ఆదివారం రాత్రి ఫోనులో ఫొటో. 'మన బడిలో విషపు నీళ్లు.' బడి పేరు కనిపిస్తోంది. తల్లిదండ్రుల ఫోన్లు. సోమవారం సగం మంది పిల్లలు రాలేదనుకోండి, ఎవరిని అంటారు? ఆ నీళ్లు మంచివో కావో చెప్పే కాగితం నా చేతిలో లేదు. నన్ను ఒక్క మాట అడగకుండానే నేను పిల్లలకు విషం పెట్టినవాణ్ని అయిపోయాను. ఆ పాప మంచిదే, ఆమె మీద నాకు కోపం లేదు. కానీ ఆ వార్తలో ఉన్నది నా పేరు కాకపోయినా నా కుర్చీ.

క్లాసు ఉండాలి. అతికించే ముందు హెచ్ఎం చూసి సంతకం పెట్టాలి. నా షరతు అదొక్కటే.


మిర్యాలగూడ నుంచి డాలస్
మంగళవారం, ఉదయం 7:50

హెచ్ఎం గారి పోస్టు చదివాక రాస్తున్నాను. మాది మిర్యాలగూడ, పన్నెండేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడ హైస్కూల్లో జర్నలిజం ఒక సబ్జెక్టు, కావాలనుకున్నవాళ్లు తీసుకుంటారు. మావాడు ఈ ఏడాది తీసుకున్నాడు. బడి పత్రిక పిల్లలే నడుపుతారు, పైన ఒక టీచరు ఉంటారు. రాయడం ఒకరు, దిద్దడం ఒకరు, శీర్షికలు ఒకరు, ఫొటోలు ఒకరు.

సంతకం పెట్టేది ఎవరన్న గొడవ ఇక్కడ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మిస్సోరీ రాష్ట్రంలో హేజల్‌వుడ్ ఈస్ట్ అనే బడి. 1983లో ప్రిన్సిపాల్ పిల్లల పత్రిక నుంచి రెండు పేజీలు తీసేశారు. ఒక వ్యాసం గర్భం దాల్చిన విద్యార్థినుల గురించి. పేర్లు మార్చినా గుర్తుపడతారని ఆయన భయం. ఇంకో వ్యాసం తల్లిదండ్రుల విడాకుల గురించి. అందులో ఒకమ్మాయి తన తండ్రి మీద ఫిర్యాదులు చెప్పింది, ఆ తండ్రికి జవాబు చెప్పే అవకాశం ఇవ్వలేదు. 1988లో కోర్టు 5-3తో బడి పక్షాన తీర్పు చెప్పింది. బడి ఖర్చుతో, చదువులో భాగంగా నడిచే పత్రిక కాబట్టి, చదువుకు సంబంధించిన సరైన కారణం ఉంటే అధికారులు ఆపవచ్చని. అదే కోర్టు 1969లో టింకర్ కేసులో, యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీ కట్టుకొచ్చిన పిల్లల పక్షాన నిలబడింది. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు పిల్లల పత్రికలకు విడిగా చట్టం చేసుకుని ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చాయి. మావాడికి ఈ మూడూ పాఠంలోనే చెప్పారు.

నేను గమనించింది వేరే ఉంది. మావాడు పదిమందిలో నోరు విప్పేవాడు కాదు. ఈ వేసవిలో వాళ్ల అమ్మమ్మను ఇంటర్వ్యూ చేశాడు, వీడియో కాల్‌లో, వచ్చీరాని తెలుగులో. సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు మా అమ్మ వాళ్ల నాన్న అక్కడ రాళ్లు మోశారని నాకే తెలియదు. ఆమె కడుపున పుట్టి నలభై ఏళ్లయినా నేను అడగలేదు. వాడు అడిగాడు. ఆమె ఆగితే వాడూ ఆగాడు, మధ్యలో దూరలేదు. అలా ఆగడం క్లాసులో నేర్పారన్నాడు.


పాలమూరు పంతులు
మంగళవారం, ఉదయం 8:40

హెచ్ఎం గారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. మిమ్మల్ని అడగకుండా రాయడం తప్పే. డాలస్ అమ్మ చెప్పిన ఆ తండ్రి విషయంలో జరిగిందీ అదే.

మిగతా సగం ఒప్పుకోను. మిమ్మల్ని అడగడం వేరు, మీ అనుమతి తీసుకోవడం వేరు. "సార్, ఈ నీళ్లకు పరీక్ష జరిగిందా, ఎప్పుడు?" అని పాప మీ గదికి రావాలి. మీరు చెప్పింది చెప్పినట్టు వార్తలో రావాలి. చెప్పడానికి ఇష్టపడకపోతే అదీ రావాలి. ఆ తర్వాత తప్పొప్పులు దిద్దేది తెలుగు సారు. సంతకం మీది అయితే పిల్లలు మీకు నచ్చేదే రాయడం నేర్చుకుంటారు. మార్చిలోగా గోడ మీద పుట్టినరోజు శుభాకాంక్షలు, సూక్తులు తప్ప ఏమీ మిగలవు. నేను పనిచేసిన ఒక బడిలో ఇదే జరిగింది.


వనపర్తి వకీలు
మంగళవారం, మధ్యాహ్నం 1:10

చట్టం సంగతి కొద్దిగా చెప్తాను. పిల్లల చేత రాయించేవాళ్లు ఇది మొదటి క్లాసులోనే చెప్పాలి.

లైంగిక నేరానికి గురైన పిల్లల పేరు, చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, వాళ్లను గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదు. పోక్సో చట్టం 23వ సెక్షన్. కేసుల్లో ఉన్న పిల్లల విషయంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కూడా అదే చెప్తుంది. గోడపత్రికే కదా అనుకోవద్దు. ఒక్క ఫొటో చాలు, ఎక్కడికి పోతుందో మీరే చూశారు.

ఇంకొకటి. నీళ్ల పరీక్ష కాగితాలు ఎవరైనా అడగొచ్చు. 2005 సమాచార హక్కు చట్టం ఆ హక్కు పౌరులందరికీ ఇచ్చింది, వయసు పరిమితి పెట్టలేదు. మన దగ్గర గ్రామ స్థాయిలో అయితే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెల్ల కాగితం మీద రాస్తే చాలు. మీ సారు పిల్లలందరి చేత ఒక్కో దరఖాస్తు రాయించి చూడమనండి. ఏం కావాలో సూటిగా అడగడం అక్కడే వస్తుంది. "నీళ్ల గురించి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా బోరుకు ఈ రెండేళ్లలో చేసిన పరీక్షల నివేదికల నకళ్లు" అని రాస్తే వస్తుంది.


దేవరకొండ రోడ్డు నాన్న, నల్లగొండ
శుక్రవారం, రాత్రి 9:45

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒక్కో పోస్టూ పాపకు చదివి వినిపించాను. విలేకరి గారి పోస్టు దగ్గర వాళ్లమ్మ కూడా వచ్చి కూర్చుంది.

సారు సెలవు నుంచి వచ్చారు. ఇంటికి వచ్చి మరీ మాట్లాడారు. చార్టు ఆయన దగ్గర భద్రంగా ఉంది. దాని అంచున పెన్సిలుతో మూడే రాశారు. 5 ఎవరి లెక్క? తాగిస్తున్నారు అంటే ఎవరు, ఏ నల్లా దగ్గర? హెచ్ఎం ఏమన్నారు? పాప నోటుబుక్కు తెచ్చి చూపించింది. ఆ 5 ఎడమ పేజీలో ఉంది. బడి ముందు చెరుకురసం అమ్మే తాత చెప్పాడు. ఆయన వాళ్ల ఊరి బోరు గురించి, ఎన్నో ఏళ్ల కిందటి మాట చెప్పాడు.

హాలియా అక్కా, మీరడిగిన తోడు సంగతి సారుతో తేల్చుకున్నాం. బడి బయట ఎక్కడికెళ్లినా ఇద్దరు పిల్లలు, ఒక పెద్దవాళ్లు. ల్యాబ్‌కు నేనే బండి మీద తీసుకెళ్లాను. మూడు సీసాలు ఇచ్చాం. అక్కడి మేడం ఒక సీసాలో నీళ్లకు మందు కలిపి, రంగు ఎలా మారుతుందో చార్టు పక్కన పెట్టి పాపకు చూపించారు. కచ్చితమైన లెక్క కాగితం మీద వస్తుంది, వారం ఆగమన్నారు. వచ్చేదారిలో పాప ఒక్క మాట మాట్లాడలేదు. రాసుకుంటోంది.

మొదటిసారి రాసిన వార్తలో మొదటి మూడు వాక్యాలు పాప మాటల్లోనే కింద పెడుతున్నాను. దిద్దగలవాళ్లు దిద్దండి.

"మన పాఠశాలలో విద్యార్థులచే విషపు నీరు తాగించబడుతోంది. ఫ్లోరైడ్ మహమ్మారి కోరలు చాచి భావి పౌరులను కబళిస్తోంది. ఇంత జరుగుతున్నా పట్టించుకునే నాథుడే లేడని సర్వత్రా విమర్శలు వెల్లువెత్తుతున్నాయి."


రాత్రి డెస్క్
శనివారం, తెల్లవారుజాము 2:30

డ్యూటీ దిగి చూశాను. 11 ఏళ్లుగా పేపర్లో జిల్లా పేజీల డెస్క్ మీద, అంటే వచ్చిన వార్తలు దిద్దే చోట పనిచేస్తున్నాను. పాపా, నీకే రాస్తున్నాను.

మూడు వాక్యాలు రాశావు. మొదటిదాంట్లో 'తాగించబడుతోంది' అని ఉంది. ఎవరు తాగిస్తున్నారు? ఈ 'బడు' ఎక్కడ కనిపించినా ఆగు. పని చేసినవాళ్లు దాని వెనకాల దాక్కుంటారు. ఆఫీసు కాగితాల్లో 'బిల్లులు నిలుపబడినవి' అని ఉంటుంది చూడు, ఎవరు నిలిపారో ఎప్పటికీ తెలియదు. తెలిస్తే పేరు పెట్టి రాయి. తెలియకపోతే తెలుసుకుని రాయి.

రెండోది. మహమ్మారి, కోరలు, కబళించడం. ఇవి మావే, మా పేపర్ల నుంచే నీకు వచ్చాయి, అందుకు బాధగానే ఉంది. నువ్వు కోరలు చూశావా? మీ నాయనమ్మ గ్లాసు ఎత్తి నీళ్లు తాగాలంటే మెడ వెనక్కి వంగదు కదా, ఎలా తాగుతుంది? అది నువ్వు రోజూ చూస్తావు. అది రాయి. చదివినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

మూడోది. 'సర్వత్రా విమర్శలు.' ఎంతమంది? ముగ్గురితో మాట్లాడితే ముగ్గురన్నారని రాయి. ముగ్గురు నిజం, సర్వత్రా అబద్ధం.

ఇక ఇంట్రో, అంటే వార్త మొదలుపెట్టే వాక్యాలు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని ఆరు ప్రశ్నలు మీ సారు చెప్పే ఉంటారు. ఆరూ ఒకే వాక్యంలో కుక్కకు. ముఖ్యమైనది ముందు, తర్వాతది తర్వాత. ఎందుకంటే జాగా చాలకపోతే మేం కోసేది కింది నుంచే.

కాగితం వచ్చాక నువ్వే మళ్లీ రాయి. నేను రాసిపెట్టను.


హాలియా అమ్మ
శనివారం, ఉదయం 10:20

తోడు సంగతి చూసుకున్నారు, సంతోషం. పదో తరగతిలో మాత్రం జనవరి నుంచైనా ఆపండి. ఆ మాట మీద నేనింకా ఉన్నాను. పాప నాయనమ్మ ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు?


దేవరకొండ రోడ్డు నాన్న, నల్లగొండ
పై వారం ఆదివారం, సాయంత్రం 6:10

పాపే రాస్తానంది. ఇక్కడినుంచి తనది.

అందరికీ నమస్కారం. హాలియా ఆంటీ, నాయనమ్మ భగీరథ నీళ్లు, అంటే మిషన్ భగీరథ కింద ప్రభుత్వం ఇచ్చే నల్లా నీళ్లు తాగుతుంది. ఇంతకుముందు బోరు నీళ్లు కాచి తాగేది. కాచితే ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుందని ల్యాబ్ మేడం చెప్పారు. నాయనమ్మకు చెప్తే, "ఇన్నేండ్లు కట్టెలు దండుగ చేసిన్నా బిడ్డా?" అన్నది. అది కుడి పేజీలో రాసుకున్నాను.

ల్యాబ్‌లో ఇంకొకటి తెలిసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. ఇతర దేశాల పుస్తకాల్లో కూడా మన ఊరి పేరు ఉంటుందని చెప్పారు. నాకు సంతోషం వేసింది, బాధ కూడా వేసింది.

కాగితం వచ్చింది. వరండాలో తాగే నల్లా, అంటే భగీరథ నీళ్లు, 0.5. వంటగది నల్లాకు వచ్చేదీ అవే నీళ్లు, 0.5. గ్రౌండు పక్కన బోరు నల్లా 2.6. అంటే నేను రాసింది తప్పు. తాగడానికి పెట్టినవి మంచి నీళ్లే. 5 కూడా తప్పు.

కానీ సారు ఇంకో పని చెప్పారు. "నల్లా ఏం చెప్తుందో చూసినవ్, పిల్లలు ఏం చేస్తున్నరో చూడు" అన్నారు. బుధవారం ఆటల పీరియడ్‌లో నేనూ నా ఫ్రెండూ గ్రౌండు దగ్గర కూర్చుని గీతలు గీశాం. 25 నిమిషాల్లో 41 మంది బోరు నల్లా దగ్గర దోసిలి పట్టి తాగారు. వరండా నల్లాకు ఎందుకు పోరని తొమ్మిది మందిని అడిగితే ఏడుగురు "అక్కడ నీళ్లు సన్నగ వస్తయి" అన్నారు. నేను అర లీటరు సీసా పెట్టి గడియారం చూశాను. నిండడానికి 2 నిమిషాల 10 సెకన్లు పట్టింది.

అప్పుడు హెచ్ఎం సార్ గదికి వెళ్లాను. చాలా టెన్షన్‌గా ఉంది. ముందు సారీ చెప్పాను. తర్వాత నోటుబుక్కు చూపించాను. సార్ రెండుసార్లు చదివారు. 2 నిమిషాల 10 సెకన్లు అన్నదగ్గర వేలు పెట్టి, "ఇది నువ్వే చూసినవా?" అన్నారు. చూశానన్నాను. మరునాడు ప్లంబర్ వచ్చాడు. ట్యాంకు దగ్గర వాల్వు సగమే తిప్పి ఉంది. ఇప్పుడు సీసా 20 సెకన్లలో నిండుతుంది. బోరు నల్లా మీద 'తాగరాదు' అని రాయిస్తామన్నారు. ఇంకా రాయలేదు. ఏ రోజు రాయిస్తారో మళ్లీ అడగాలి.

డెస్క్ సార్, కొత్త వార్త ఇలా రాశాను.

శీర్షిక: గ్రౌండు నల్లాలో ఫ్లోరైడ్ 2.6, వరండా నల్లాలో 0.5

"మన బడి గ్రౌండు పక్కన బోరు నల్లా నీళ్లలో లీటరుకు 2.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని నీటి సరఫరా ల్యాబ్ పరీక్షలో తేలింది. ఉండదగ్గది 1 మిల్లీగ్రామే. బుధవారం ఆటల పీరియడ్‌లో 41 మంది విద్యార్థులు ఆ నీళ్లు తాగారు. వరండాలో తాగే నల్లా నీళ్లు మంచివే, 0.5."


రాత్రి డెస్క్
ఆదివారం, రాత్రి 11:55

ఒక్క అక్షరం ముట్టుకోను.


మర్రిగూడ విలేకరి
సోమవారం, ఉదయం 6:30

పాపా, నాయనమ్మ కట్టెల మాట ఈ వార్తలో పెట్టకు. దానికి విడిగా ఒక వార్త రాయి, ఆమెనడిగి. కాచితే పోతుందని నమ్మి ఇప్పటికీ కట్టెలు కాల్చే ఇళ్లు మా మండలంలోనే ఉన్నాయి. మీ సారు ఒప్పుకుంటే ఒక శనివారం నేను వస్తాను.


అచ్చంపేట వైపు హెచ్ఎం
సోమవారం, రాత్రి 9:05

అమ్మా, నీ నోటుబుక్కు గురించి చదివాక ఈ రోజు మా బడి నల్లాలన్నీ నేనే సీసా పట్టుకుని చూశాను. సంతకం సంగతి పంతులు గారితో ఇంకా మాట్లాడాల్సింది ఉంది. ఒక్కటి అడుగుతాను. మొదట రాసిన తప్పు గురించి కొత్త సంచికలో ఏమైనా రాశారా?


దేవరకొండ రోడ్డు నాన్న, నల్లగొండ
సోమవారం, రాత్రి 9:30

పాప చెప్తోంది, నేను టైప్ చేస్తున్నాను. రాశాం సార్. పైన మొదటి కాలమ్‌లోనే. "సవరణ: పోయిన సంచికలో మన బడిలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ 5 ఉందని రాశాం. అది తప్పు. పరీక్ష చేయించకుండా, హెచ్ఎం గారిని అడగకుండా రాశాం. తాగే నల్లాలో ఉన్నది 0.5." పోయినసారి 'విషపు నీళ్లు' అని ఎంత పెద్ద అక్షరాలతో రాశామో స్కేలు పెట్టి కొలిచి, సవరణ కూడా అంతే పెద్దగా రాశాం.